నరాల వైద్యానికి నాంది పలికిన షార్కో

ఒక సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసిన తరువాత మా వద్దకు ఒక విద్యార్థి వచ్చి, తరగతులకు సరిగా రాలేకపోవడానికి కారణం చెప్పుకొన్నాడు. అతని తండ్రి దర్జీ. ఒకనాడు సూదిలో దారం ఎక్కించబోతే బొటనవేలు, చూపుడువేలు మాట వినలేదట. కొన్నాళ్ళకు కత్తెర చేతిలో నిలువలేదట. మెడ ఎముకలు అరిగినవని కొందరు, నీరసమని కొందరు, పక్షవాతపు సూచన అని మరికొందరు చెప్పగా, ఏడాదికి పైగా తిరిగిన పిమ్మట అది మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలింది. దానిని నయం చేసే మందు లేదని కూడా ఆనాడే తెలిసింది. మందే లేనప్పుడు పేరు తెలిసి ఏమి ప్రయోజనమని ఆ విద్యార్థి మమ్ము అడిగాడు.

మేము వైద్యులము కాము. తెలుగు పాఠం చెప్పుకొనే వారము. ఆనాడు సమాధానం చెప్పలేకపోయాము. తరువాత ఆ వ్యాధికి పేరు పెట్టిన మహనీయుని చరిత్ర చదివాము. విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానం ఆయన జీవితంలో సగమూ, ఆయన మరణానంతరం జరిగిన కృషిలో సగమూ ఉన్నదని మాకు తోచింది. ఆయన పేరు జీన్ మార్టిన్ షార్కో. ఫ్రాన్సు దేశంలో ఈ వ్యాధిని నేటికీ షార్కో వ్యాధి అనే పిలుస్తారు.

షార్కో 1825వ సంవత్సరం నవంబరు 29వ తేదీన ప్యారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి గుర్రపు బండ్లు తయారు చేసే పనివాడు. ఆ ఇంట అన్నదమ్ములు నలుగురు. నలుగురికీ పెద్ద చదువులు చెప్పించే స్తోమత తండ్రికి లేదు. బడిలో ఎవడు మిన్నగా చదువుతాడో వానికే ఉన్నత విద్య అని తండ్రి నిర్ణయించగా, ఆ అవకాశం జీన్ మార్టిన్‌కు దక్కిందని ఆయన చరిత్రకారులు చెబుతారు. బాల్యంలో ఆయన మితభాషి. చదువుతోపాటు చిత్రలేఖనంలో గొప్ప అభిరుచి ఉండేది. చిత్రకారుడు కావాలా, వైద్యుడు కావాలా అని కొంతకాలం ఊగిసలాడి, చివరకు వైద్యాన్నే ఎంచుకొన్నాడు. అయితే పెన్సిలును మాత్రం విడిచిపెట్టలేదు. రోగి నిలబడే తీరును, చేతివేళ్ళ వంకరను, ముఖంలోని మార్పును బొమ్మలుగా గీసుకొనే అలవాటు ఆయనకు కడదాకా ఉండినది. చిత్రకారుని కన్ను వైద్యునికి అబ్బితే ఏమవుతుందో ఆయన జీవితమే నిదర్శనం.

1848లో ఆయన ప్యారిస్ ఆసుపత్రులలో అంతర్నివాస వైద్య విద్యార్థిగా ఎంపికయ్యాడు. 1853లో కీళ్ళవాతానికీ, గౌటు అనే మరొక కీళ్ళజబ్బుకూ గల భేదాన్ని నిరూపిస్తూ సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. పైకి ఒకటిగా కనిపించే రెండు జబ్బులను వేరుచేసి చూపడమే ఆ వ్యాసంలోని సారం. ఆయన జీవితకాలమంతా చేసిన పని కూడా అదే.

ప్యారిస్‌లో సాల్పెత్రియేర్ అనే విశాలమైన ఆసుపత్రి ఉన్నది. ఒకప్పుడు అక్కడ తుపాకిమందుకు కావలసిన సురేకారం నిలువ ఉంచేవారు. ఆ పేరు దానివల్లనే వచ్చింది. 17వ శతాబ్దంలో పద్నాలుగవ లూయీ కాలంలో దానిని నిరుపేదలకు ఆశ్రయంగా మార్చారు. షార్కో నాటికి అది ముసలి స్త్రీలకు, మతి చలించినవారికి, నయంకాని జబ్బులతో బాధపడే పేద స్త్రీలకు నిలయం. కొన్ని వేలమంది అక్కడే జీవించి అక్కడే కన్నుమూసేవారు. పేరు ప్రఖ్యాతులు కోరే వైద్యులెవరూ అక్కడ నిలిచేవారు కారు. షార్కో మాత్రం విద్యార్థి దశలోనే ఆ ఆసుపత్రిని చూచి, ఎప్పటికైనా ఇక్కడికి తిరిగి రావాలని నిశ్చయించుకొన్నాడట. 1862లో ఆ కోరిక నెరవేరింది. అందరూ చీకటి కొట్టుగా చూచిన చోటు ఆయనకు గ్రంథాలయంగా కనిపించింది.

తన మిత్రుడైన వూల్పియాన్ అనే వైద్యునితో కలిసి ఆయన వార్డు వెంట వార్డు తిరిగి రోగులను పరీక్షించాడు. రోగిని ఎదుట కూర్చోబెట్టుకొని, చాలసేపు మాటలాడక చూస్తూ ఉండేవాడు. ఏ కండరం కృశించింది, ఏది బిగుసుకొన్నది, ఏది తనంత తాను అదురుతున్నది అన్న వివరాలన్నీ వ్రాసుకొనేవాడు. నాడి పట్టి చూచి మౌనంగా తలపంకించే మన పాత హకీములను ఆ దృశ్యం గుర్తుకు తెస్తుంది. కాని షార్కో అక్కడితో ఆగలేదు. ఆ రోగి ఏండ్ల తరువాత మరణించినప్పుడు శవపరీక్ష జరిపి, మెదడునూ వెన్నుపామునూ పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని క్రింద చూచేవాడు. జీవించి ఉండగా కనిపించిన లక్షణానికీ, మరణించిన తరువాత కనిపించిన గాయానికీ పొత్తు కుదిర్చేవాడు. కన్ను చెప్పినదానికి శవం సాక్ష్యం పలకాలి. సాక్ష్యం లేని నిర్ణయాన్ని నమ్మరాదన్నది ఈ పద్ధతికి మూలసూత్రం.

ఈ పద్ధతి ఎంత ఓర్పుతో కూడినదో తెలిపే కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. చేతులు విపరీతంగా వణికే ఒక స్త్రీని ఆయన తన ఇంట పనిమనిషిగా పెట్టుకొన్నాడట. ఆమె చేతిలో పగిలిన పళ్ళేలకు లెక్కలేదట. అయినా ఆమెను పనినుండి తొలగించక, ఆ వణుకు ఏండ్లతరబడి మారుతున్న తీరును గమనించాడట. ఆమె మరణానంతరం మెదడులోను, వెన్నుపాములోను అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనిపించాయి. మల్టిపుల్ స్క్లీరోసిస్ అని నేడు మనం పిలిచే వ్యాధిని ఆయన 1868లో సమగ్రంగా వివరించాడు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చేయి వణికే జబ్బు వేరు, చేయి చాచబోయినప్పుడు వణికే జబ్బు వేరు అని తేల్చి చెప్పాడు. మొదటిదానికి, దానిని తొలుత వర్ణించిన ఆంగ్ల వైద్యుడైన పార్కిన్‌సన్ పేరు స్థిరపడటానికి కారకుడు షార్కోయే. కీర్తిని తన పేరిట వ్రాసుకొనక, అర్హునికి అప్పగించిన ఔదార్యం ఇందులో ఉన్నది.

ఇక మన విద్యార్థి తండ్రికి వచ్చిన వ్యాధి విషయం. కండరాలు క్రమంగా కృశించే జబ్బును షార్కోకు పూర్వమే ఆరాన్, ద్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యులు వర్ణించారు. ద్యుషెన్‌ను షార్కో తన గురువుగా గౌరవించాడు. కాని ఆ జబ్బు కండరంలో పుట్టినదా, నరంలో పుట్టినదా అన్నది వివాదంగానే ఉండేది. 1865లో షార్కో ఒక స్త్రీ చరిత్రను వెల్లడించాడు. కాలుసేతులు కర్రల వలె బిగుసుకొనిపోయిన ఆమెకు ఉన్నది హిస్టీరియా అనే అందరూ అనుకొన్నారు. శవపరీక్షలో ఆమె వెన్నుపాము ఇరుప్రక్కల ఉండే నరాల కట్టలు గట్టిపడి కనిపించాయి. 1869లో తన శిష్యుడైన జొఫ్రువాతో కలిసి, కండరాలు కృశించిన రోగుల వెన్నుపాములో ముందు భాగాననున్న పెద్ద నాడీకణాలు నశించినట్లు చూపాడు. 1874 నాటికి ఈ రెండింటినీ ఒకచోట చేర్చి, ఇది ఒక ప్రత్యేక వ్యాధి అని ప్రకటించి, దానికి అమయోట్రాఫిక్ లేటరల్ స్క్లీరోసిస్ అని నామకరణం చేశాడు. కండరానికి పోషణ అందక క్షీణించడం, వెన్నుపాము ప్రక్కలు గట్టిపడటం అనే రెండు విషయాలూ ఆ ఒక్క పేరులో ఇమిడి ఉన్నాయి.

దీనిని కొంచెం విడమరచి చెప్పడం అవసరమని భావిస్తున్నాము. మనం చేయి ఎత్తాలనుకొన్నప్పుడు ఆ ఆజ్ఞ రెండు అంచెలుగా ప్రయాణం చేస్తుంది. మెదడులోని నాడీకణం దానిని వెన్నుపాము వరకు చేరుస్తుంది. అక్కడినుండి మరొక నాడీకణం అందుకొని కండరానికి అందిస్తుంది. మొదటి అంచె చెడితే అవయవం బిగుసుకొంటుంది. రెండవ అంచె చెడితే కండరం అదిరి, సన్నగిల్లి, చచ్చుబడుతుంది. ఈ వ్యాధిలో రెండంచెలూ చెడుతాయి. చేయి, కాలు, నాలుక, గొంతు, చివరకు శ్వాస ఆడించే కండరాలు ఒకదాని వెంట ఒకటి లొంగిపోతాయి. స్పర్శ మాత్రం చెడదు. చాలమందిలో తెలివికి కొరత రాదు. లక్షణాలు మొదలైన తరువాత అధికుల ఆయుర్దాయం 2 నుండి 5 సంవత్సరాలు. తన కాలంలో ఈ రోగం కుదిరిన వారిని తాను చూడలేదన్న సత్యాన్ని షార్కో విద్యార్థుల వద్ద దాచలేదు. అయితే నేటి వైద్యం లేదని రేపటి వెతుకులాట మానరాదన్నదే ఆయన బోధనలోని అంతరార్థం.

1882లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన కోసం నరాల వ్యాధులకు ప్రత్యేక ఆచార్య పీఠాన్ని నెలకొల్పింది. ప్రపంచంలో అటువంటి పీఠం అదే మొదటిది. బండ్లు చేసేవాని కొడుకు అప్పటికి ఐరోపా అంతటా పేరెన్నికగన్న వైద్యుడు. శుక్రవారం ముందుగా సిద్ధపరచుకొన్న ఉపన్యాసం. మంగళవారం అప్పటికప్పుడు వచ్చిన రోగిని పరీక్షిస్తూ పాఠం. ఆ పాఠాలలో ఆయన రోగుల నడకను తానే నడిచి చూపేవాడు. స్త్రీల టోపీలకు పొడుగాటి ఈకలు అమర్చి, ఆ ఈకల కదలికవల్ల రెండు రకాల వణుకుల భేదాన్ని వెనుక వరుసలోని విద్యార్థికి సైతం కనబడేటట్లు చేసేవాడు. బబిన్‌స్కీ, పియేర్ మారీ, జిల్ ద లా తూరెట్ వంటి వారు ఆయన శిష్యులు. 1885లో వియన్నా నుండి వచ్చిన సిగ్మండ్ ఫ్రాయిడ్ కొన్ని నెలలు ఆయన వద్ద చదివి, ఆయన ఉపన్యాసాలను జర్మను భాషలోనికి అనువదించి, తన కుమారునికి ఆయన పేరే పెట్టుకొన్నాడు. ఇంటివద్ద షార్కో జంతుప్రేమికుడు. కుక్కలతోపాటు ఒక కోతిని పెంచుకొన్నాడు, వేటను అసహ్యించుకొనేవాడు.

మహనీయుల చరిత్ర వ్రాసేటప్పుడు గుణాలను మాత్రమే చెప్పి ఊరకుంటే అది చరిత్ర కాజాలదు. షార్కో తన జీవితపు మలిభాగంలో హిస్టీరియాను పరిశోధించాడు. కొందరు స్త్రీ రోగులను సభలో హిప్నాటిజం ద్వారా నిద్రావస్థకు తెచ్చి, వారి మూర్ఛలను వందలాది ప్రేక్షకుల ఎదుట ప్రదర్శించాడు. ఈ వ్యాధికి కూడ నియమబద్ధమైన దశలున్నవని వాదించాడు. నాన్సీ నగరంలోని బెర్న్‌హైమ్ మొదలగువారు ఆ దశలు రోగులకు పరోక్షంగా నేర్పిన పాఠాలేనని ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో చాలవరకు సత్యమున్నదని తరువాతి కాలం తేల్చింది. చివరి రోజులలో తన సిద్ధాంతాన్ని సరిదిద్దుకోవాలని ఆయన తలపోసినట్లు ఆయన కార్యదర్శి వ్రాశాడు. హిస్టీరియా పురుషులకు కూడ వస్తుందని నిరూపించిన కీర్తి ఆయనకున్నా, ఆ పేదస్త్రీల వేదన ప్రదర్శనగా మారిందన్న మచ్చ చెరగదు.

ఈ పొరపాటు ఎందుకు జరిగినదని మేము ఆలోచించాము. కండరాలు కృశించే వ్యాధిలో ఆయన కంటికి వెన్నుపాము సాక్ష్యం పలికింది. హిస్టీరియాలో అటువంటి సాక్షి లేదు. సాక్షి లేనిచోట ఆయన తన కన్నునూ, తన అధికారాన్నీ మాత్రమే నమ్ముకొన్నాడు. ఎంత మేధావి అయినా సాక్ష్యం లేక చూపిన తీర్పు తప్పవచ్చునన్నది ఇందులోని నీతి.

1893వ సంవత్సరం ఆగస్టు 16వ తేదీన, మోర్వాన్ ప్రాంతంలో ఒక సరస్సు చెంత విశ్రాంతి యాత్రలో ఉండగా, గుండె, ఊపిరితిత్తుల వ్యాధితో షార్కో తన 67వ ఏట మరణించాడు. ఆయన కుమారుడు జీన్ బాప్తిస్త్ కూడ వైద్యుడై, పిమ్మట ధ్రువప్రాంతాల అన్వేషకుడుగా కీర్తి గడించి, 1936లో ఐస్లాండు తీరాన నౌక మునిగి కన్నుమూశాడు.

షార్కో పద్ధతికి ఒక్క లోపం మిగిలిపోయింది. ఆయన సాక్షి మరణం తరువాతనే నోరు విప్పేవాడు. రోగి బ్రతికి ఉండగా వెన్నుపాము స్థితి తెలుసుకొనే మార్గం ఆయనకు లేదు. విచిత్రమేమంటే, ఆ మార్గానికి కావలసిన వస్తువు ఆయన పుట్టిన నాటినుండి ఎదుటనే ఉన్నది. మెదడునూ వెన్నుపామునూ ఆవరించి ఉండే తేటనీటిని గూర్చి మజాండీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1825లోనే, అనగా షార్కో పుట్టిన ఏటనే, వ్యాసం ప్రకటించాడు. షార్కో మరణానికి రెండేండ్ల ముందు, 1891లో, జర్మనీలోని కీల్ నగర వైద్యుడైన క్వింకే నడుము వద్ద వెన్నెముకల సందున సన్నని సూది గుచ్చి, ఆ నీటిని తీసే విధానాన్ని లోకానికి తెలిపాడు. ఆయన ఉద్దేశం తలలో పేరుకొన్న నీటి ఒత్తిడిని తగ్గించడం. కాని ఆ సూది బ్రతికి ఉన్న మనిషి వెన్నుపామునుండి వార్త తేగల దూత అయింది.

ఆ వార్తను చదవడానికి మాత్రం మరొక శతాబ్దం పట్టింది. పెద్దవారిలో వెన్నునీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు కొన్నిసార్లు మారుతూ క్రొత్తనీరు ఊరుతుంది. నాడీకణపు పొడవాటి తంతువుకు లోపల వెదురుబద్దల వలె ఊతమిచ్చే మాంసకృత్తులున్నాయి. వాటిని న్యూరోఫిలమెంట్లు అంటారు. తంతువు విరిగి నశించినప్పుడు ఆ బద్దలు తునకలై వెన్నునీటిలో కలుస్తాయి. ఇల్లు కూలితే ఏటినీటిలో దూలాలు కొట్టుకొనివచ్చినట్లు ఇది. మోటార్ న్యూరాన్ వ్యాధిగ్రస్తుల వెన్నునీటిలో ఈ పదార్థం అధికంగా ఉంటుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించారు. తరువాత అనేక దేశాల పరిశోధనలు దీనిని బలపరచాయి. వ్యాధి వేగంగా ముదిరే వారిలో ఈ పాలు మరింత ఎక్కువ. నేడు సునిశితమైన యంత్రాల సాయంతో దీనిని రక్తంలో సైతం కొలువగలుగుతున్నారు.

అయితే దీనిని అతిగా పొగడరాదు. న్యూరోఫిలమెంటు తంతువు విరిగినదని చెబుతుంది గాని, ఎందుకు విరిగినదో చెప్పదు. మల్టిపుల్ స్క్లీరోసిస్‌లోను, మెదడుకు దెబ్బ తగిలినప్పుడు కూడ అది పెరుగుతుంది. కనుక నేటికీ నిర్ణయానికి పునాది వైద్యుని పరీక్ష, కండరాల విద్యుత్పరీక్ష. వెన్నునీరు తోడుసాక్షి మాత్రమే. కాని తోడుసాక్షి విలువ తక్కువ కాదు. మొదటి లక్షణం కనిపించిన నాటినుండి వ్యాధి నిర్ధారణకు సగటున సుమారు ఒక సంవత్సరం పడుతున్నది. రెండు మూడేండ్ల ఆయుర్దాయంలో ఒక ఏడు సందేహాలకే వ్యయమైతే ఎంత నష్టమో ఊహించవచ్చును. అవసరం లేని మెడ శస్త్రచికిత్సలు జరిగిన సందర్భాలు కూడ ఉన్నాయి. ఇందుకు మరొక వైపు కూడ ఉన్నది. దక్షిణ భారతంలో యువకులకు వచ్చి, చెవుడుతో కూడి, నెమ్మదిగా సాగే ఒక భిన్నమైన రూపాన్ని మద్రాసు వైద్యులు 1970లో వర్ణించారు. మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి అనే పేరు దానికి వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో కూడ అటువంటి రోగులున్నారు. వారు దశాబ్దాలు బ్రతుకవచ్చును. అటువంటి వానికి మూడేండ్లే గడువని చెప్పడం ఎంత అన్యాయమో, షార్కో నేర్పిన భేదజ్ఞానం ఎంత అవసరమో ఇందువల్ల తెలుస్తుంది.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. ఈ రోగులలో సుమారు పదింట ఒకరికి వంశపారంపర్యంగా వస్తుంది. అందులో ఒక చిన్న భాగానికి కారణమైన ఎస్.ఓ.డి.1 అనే జన్యువును 1993లో గుర్తించారు. ఆ జన్యుదోషం గలవారికై తయారైన టోఫర్సెన్ అనే ఔషధానికి అమెరికా ప్రభుత్వ సంస్థ 2023 ఏప్రిలులో షరతులతో అనుమతి ఇచ్చింది. మూడవ దశ పరీక్షలో 28 వారాలలో రోగుల శక్తి క్షీణతను అది నిర్ణీత ప్రమాణంలో ఆపలేకపోయినా, వారి రక్తంలో న్యూరోఫిలమెంటు గణనీయంగా తగ్గినందున ఆ అనుమతి లభించింది. ఈ ఔషధాన్ని వెన్నునీటిలోనికే ఎక్కిస్తారు. వార్త తెచ్చిన సూదిదారినే మందు వెళుతున్నదన్నమాట. ఇది కొద్దిమందికే పనికివచ్చేది. తక్కినవారికి నేటికీ వ్యాధిని కొంత నెమ్మదింపజేసే మందులు మాత్రమే ఉన్నాయి. అయినను, 1874లో షార్కో ఆ వ్యాధిని తక్కిన జబ్బుల గుంపునుండి వేరుచేసి పేరు పెట్టి ఉండకపోతే, ఎవరి జన్యువులో, ఎవరి వెన్నునీటిలో ఏమి వెతకాలో ఎవరికీ తెలిసి ఉండేది కాదు.

పేరు తెలిసి ఏమి ప్రయోజనమని అడిగిన మా విద్యార్థికి కొన్ని నెలల తరువాత ఈ కథ చెప్పాము. అప్పటికి అతడే మాకు సమాధానం చెప్పగల స్థితిలో ఉన్నాడు. పేరు తెలిసిన నాటినుండి తమ ఇంట ఆసుపత్రుల చుట్టూ తిరగడం ఆగిందని, అప్పుచేసి చేయించదలచిన శస్త్రచికిత్స మానుకొన్నామని, తండ్రి మాట స్పష్టంగా ఉండగానే కొట్టు లెక్కలు అప్పగించి, కత్తిరింపు కొలతలన్నీ తమ్మునికి నేర్పాడని చెప్పాడు. వ్యాధి కుదరలేదు. కాని మిగిలిన కాలం వృథా కాలేదు. నూటయాభై ఏండ్లక్రితం ఒక పేదల ఆసుపత్రిలో, ఎవరూ పట్టించుకొనని స్త్రీల మంచాల ప్రక్కన కూర్చొని, మాటలాడక చూస్తూ గడిపిన ఒక వైద్యుని ఓర్పు, ఎరుగని దేశంలోని ఒక దర్జీ ఇంటికి ఈ రీతిగా చేరింది.